సిరొంచ నది ఒడ్డు నుంచి నక్షత్రాల పురిటిల్లు చూసే విధానం

జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెన్నెల లేని రాత్రి 8 గంటల వేళ, మహారాష్ట్రలోని సిరొంచ ఊరి దీపాలకు దూరంగా గోదావరి ఒడ్డున నిలబడి, కళ్లు చీకటికి అలవాటుపడేదాకా 20 నిమిషాలు సెల్‌ఫోన్ తీయకుండా ఆగండి. ఓరియన్ నక్షత్రరాశిలో వరుసగా మెరిసే మూడు చుక్కలకు దిగువన, బైనాక్యులర్‌లో బూడిదరంగు మరక కనిపిస్తుంది. అదే సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఓరియన్ నీహారిక, అంటే నక్షత్రాలు పుట్టే వాయు, ధూళి మేఘం.

అక్కడ వాయువు, ధూళి తమ గురుత్వాకర్షణకే కుంగి, గిర్రున తిరిగే పళ్లెంలా పరుచుకోగా, దాని నడుమ శిశు నక్షత్రం రూపుదిద్దుకుంటుంది. లోపలికి జారే పదార్థంలో కొంత భాగాన్ని అయస్కాంత క్షేత్రాలు రెండు ధ్రువాల వైపు సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో చిమ్ముతాయి. ఆ ధారలు పరిసర వాయువును ఢీకొన్నచోట వెలిగే మచ్చలే హెర్బిగ్-హారో వస్తువులు. నాకు అన్నిటికన్నా అపురూపమైనవి అవే అయినా, బైనాక్యులర్‌కు అందవు. మరకను మాత్రం సూటిగా కాక, చూపు కాస్త పక్కన నిలిపి చూడండి. దాని అంచులు రెక్కల్లా విచ్చుకుంటాయి.