వెలుతురు తక్కువైన గదులకు అల్ట్రా వైడ్ లెన్స్ ఎంపిక

వెలుతురు తక్కువగా ఉండే లోపలి భాగాలను ఫొటో తీయడానికి అల్ట్రా వైడ్ లెన్స్ (చాలా వెడల్పైన దృశ్యాన్ని పట్టే లెన్స్) కొనదలచినవారు, అపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం; ఎఫ్/ తర్వాతి అంకె తగ్గేకొద్దీ అది పెద్దదవుతుంది) అంకె చూసే ముందు, అక్కడ ట్రైపాడ్ వాడే వీలుందో లేదో తేల్చుకోవాలి. వీలుంటే ఎఫ్/4 లెన్స్ చాలు; గది అంతా స్పష్టంగా రావడానికి ఎలాగూ రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్/8 దగ్గరే తీస్తాం కనుక, ఎఫ్/2.8 కోసం పెట్టే అదనపు డబ్బు, మోసే బరువు దాదాపు వృథాయే. లేపాక్షి ఆలయం వంటి పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లో మాత్రం ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి. అక్కడి మండపం పైకప్పు చిత్రాలను కెమెరా చేత్తో పట్టుకుని తీయాలంటే రెట్టింపు కాంతినిచ్చే ఎఫ్/2.8 అక్కరకొస్తుంది, 1/15 సెకను ఎక్స్‌పోజర్ (కెమెరా కాంతిని తీసుకునే సమయం) 1/30కి తగ్గుతుంది. కెమెరాలోనే స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఉంటే కదలని వస్తువులకు ఈ తేడా చాలావరకు పూడుతుంది గానీ, నడిచే మనుషులకు పూడదు.

ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాపై 16 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (ఈ అంకె తగ్గేకొద్దీ దృశ్యం వెడల్పవుతుంది) సాధారణంగా సరిపోతుంది, 14 మి.మీ.కు దిగితే అంచుల్లోని కుర్చీలు, ముఖాలు సాగిపోతాయి. నికాన్, సోనీ వంటి కంపెనీల ఏపీఎస్-సీ (అంతకంటే చిన్న సెన్సర్ ఉన్న) కెమెరాలపై దాదాపు అదే దృశ్యానికి 10 లేదా 11 మి.మీ. కావాలి. కొనేముందు దుకాణంలోనే, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఫ్రేమ్ మూలన వెలిగే దీపం ఉండేలా ఒక ఫొటో తీసి, పెద్దది చేసి, మూలల్లో స్పష్టత తగ్గిందో, దీపం వెలుగు చెదిరిందో చూడండి.