దగ్గరి ఫొటో: రంగు ఉంచాలా, తీసేయాలా?

మల్లె, కనకాంబరం, మరువం కలిపి కట్టిన మూర పూలు ముందు పెట్టుకుని, ఫోన్‌తో బాగా దగ్గరగా ఒక ఫొటో తీయండి. దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. మల్లెలు తెల్లగా నిలుస్తాయి. కనకాంబరం, మరువం మాత్రం ఏది పువ్వో ఏది ఆకో తెలియకుండా బూడిదరంగులో కలిసిపోతాయి. నారింజ, ఆకుపచ్చ కంటికి ఎంత వేరుగా కనిపించినా, ఈ రెంటి వెలుగు ఇంచుమించు ఒక్కటే. రంగు తీసేస్తే మిగిలేది ఆ వెలుగే.

చెన్నైలో ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో ప్లేట్లు చేసి రిటైరైన మనిషిని నేను. రంగుల ఫొటో తెచ్చి ఒక్క నలుపు ఇంకుతో వేయమనేవాళ్ళు. అట్ట మీద ఎర్రగా వెలిగిన మందారం లోపలి పేజీలో ఆకుల్లో కలిసిపోయేది, తిట్లు మాకు పడేవి. అందుకే కెమెరా పట్టుకున్నా నేను ముందు చూసేది ఒకటే. వస్తువుని దాని చుట్టుపక్కల నుంచి విడదీస్తున్నది ఏది? రంగా, వెలుగునీడలా, ఫోకసా? రంగు ఒక్కటే అయితే దాన్ని ముట్టుకోవద్దు. మిగతా రెండిట్లో ఏదో ఒకటి ఆ పని చేస్తుంటేనే తీసేసే ఆలోచన చేయండి.

దగ్గరి ఫొటోలో ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. వస్తువు సెన్సార్ మీద అసలు సైజులోనే పడేంత దగ్గరికి వెళ్తే, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/11 దాకా చిన్నది చేసినా, ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎం.ఎం. ఫిల్మంత సెన్సార్ ఉన్న) కెమెరాలో స్పష్టంగా వచ్చేది మిల్లీమీటరు పైచిలుకు మందమే. వెనకాలంతా మసక. రంగులో ఆ మసక పచ్చగా, హాయిగా ఉంటుంది. రంగు తీస్తే అదే చప్పటి బూడిద గోడ అవుతుంది. కాబట్టి బ్లాక్ అండ్ వైట్ అనుకున్నప్పుడు వెనక నీడ పడే చోటు వెతకండి, లేదా దూరంగా ఒక నల్ల గుడ్డ పట్టించండి. మామిడాకు మీద పాకే ఎర్ర చీమల సంగతి వేరు. చీమ, ఆకు రెండూ ఒకే దూరంలో ఉంటాయి కనుక ఫోకస్ వాటిని విడదీయలేదు. అక్కడ రంగే దిక్కు.

చెన్నైలో ఇది నేర్చుకోవడానికి కాశిమేడు చేపల రేవుకి మించిన చోటు నాకు తెలియదు. తెల్లవారే వెళ్ళండి, ఎండెక్కితే పనికిరాదు. అమ్మే ఆమెని "అక్కా, ఒక ఫొటో తీసుకోనా" అని అడిగి, బేరానికి అడ్డం రాకుండా పక్కకి కూర్చోండి. నెత్తళ్ళ కుప్ప చూడండి. వెండి మెరుపు, నల్లటి కళ్ళు, గీతల మీద గీతలు. అందులో రంగు చేసే పనే లేదు, పక్కనున్న ఎర్ర ప్లాస్టిక్ బుట్ట చూపు లాగడం తప్ప. నిశ్చింతగా తీసేయండి. మెరుపులు పూర్తిగా తెల్లబడకుండా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి తీసుకునే వెలుగు) 0.7 స్టాప్ తగ్గించండి. అదే వంజరం మొప్ప ఎత్తి చూపించారనుకోండి, ఆ ఎరుపే చేప తాజాదనం. దాన్ని బూడిద చేస్తే ఫొటోలో చెప్పడానికేమీ మిగలదు. ఈగ వీపు మీది ఆకుపచ్చ మెరుపు, నెమలి ఈక కూడా అంతే. ఆ రంగు చూసే కోణాన్ని బట్టి మారుతుంది, దానికోసమే మనం అంత దగ్గరికి పోయాం.

తీసే ముందే తేల్చుకోవడానికి ఒక సులువు ఉంది. కెమెరాలో ఫొటోలు 'రా' (RAW, సెన్సార్ పట్టింది పట్టినట్టే ఉంచే ఫైలు) రూపంలో భద్రమయ్యేలా పెట్టి, ఫొటో రంగుల తీరుని మార్చే పిక్చర్ స్టైల్‌ని మోనోక్రోమ్ చేయండి. వెనక తెర మీద బ్లాక్ అండ్ వైట్ కనిపిస్తుంది, రా ఫైలులో రంగంతా అలాగే ఉంటుంది. ఫోన్‌లో అయితే కెమెరా యాప్‌లో మోనో ఫిల్టర్ పెట్టి చూసుకుని, ఫొటో మాత్రం రంగులోనే తీయండి.

ఇక మార్చడం. వాడుకలో ఉన్న ఒక లెక్క ప్రకారం బూడిదలోకి ఎరుపు నుంచి 30 శాతం, ఆకుపచ్చ నుంచి 59, నీలం నుంచి 11 తీసుకుంటారు. ఈ లెక్కని మీరు మార్చుకోవచ్చు. ఫొటోలు దిద్దే ఫోన్ యాప్ స్నాప్‌సీడ్‌లో బ్లాక్ అండ్ వైట్ తెరిచి ఎరుపు ఫిల్టర్ నొక్కండి. కనకాంబరం తెల్లబడుతుంది, మరువం నల్లబడుతుంది, దండ మళ్ళీ విడివడుతుంది. ఆకుపచ్చ నొక్కితే తిరగబడుతుంది. అలాంటిదే అయిన లైట్‌రూమ్‌లో ఒక్కో రంగుకీ విడి స్లయిడర్ ఉంటుంది. నీలాన్ని మరీ లాగకండి, గింజలు గింజలుగా తేలుతుంది. నా మటుకు నేను, ఫిల్టర్‌తో నిలబెట్టిన ఫొటో కంటే వెలుగుతో నిలబెట్టిందే మేలంటాను.

వెలుగు విషయంలో రెంటికీ పొసగదు. రంగుకి మెత్తటి వెలుగు కావాలి: పల్చటి మబ్బు, లేదా ఎండకి అడ్డంగా ఒక వెన్నపేపరు. బ్లాక్ అండ్ వైట్‌కి పక్కనుంచి వాలుగా పడే వెలుగు కావాలి, అప్పుడే గరుకు, మడత, నూగు కనిపిస్తాయి. 1930లో అమెరికా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ ఒక బుంగ మిరపకాయని రేకు గరాటులో పెట్టి తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫొటో వెతికి చూడండి. తర్వాత మార్కెట్లో వంకరటింకర కాయ ఒకటి ఏరి తెచ్చుకుని, కిటికీ పక్కన గరాటులో పెట్టి తిప్పుతూ తీయండి. నున్నటి కాయ ఏరకండి, దాంట్లో ఏమీ లేదు.

ఇంకో మాట, ఎర్ర చొక్కా వేసుకుని వెళ్ళకండి. జానెడు దూరంలో వంగినప్పుడు తెల్ల మల్లె మీద చొక్కా రంగు పడుతుంది. కోయంబేడు పూల మార్కెట్లో నెత్తిన నీలం టార్పాలిన్, పక్కన పసుపు బల్బు ఉంటే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సరిచేసే అమరిక) ఒకవైపు సరిచేస్తే రెండోవైపు చెడుతుంది. అలాంటి చోట పువ్వుకి రూపం బలంగా ఉంటే రంగు తీసేయడం తప్పేం కాదు. రూపం లేకపోతే కొట్టువాణ్ణి అడిగి పువ్వుని నీడలోకి, బయటికి తెచ్చి తీసుకోండి. రంగు బాగోలేదు కాబట్టి బ్లాక్ అండ్ వైట్ చేద్దాం అనే అలవాటు మాత్రం నాకు అసలు నచ్చదు.

ప్రింటు వేయిస్తే ల్యాబ్‌లో ముందే చెప్పండి. రంగుల ఫొటోలు వేసే కాగితం మీద వేసిన బ్లాక్ అండ్ వైట్‌లో ఒక్కోసారి ఆకుపచ్చ ఛాయో, ఊదా ఛాయో దిగుతుంది. ఆటో కరెక్షన్ ఆపమని, ముందు చిన్న సైజులో ఒకటి వేసి ఇమ్మని అడిగి, దాన్ని ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుగులో చూసి, బాగుంటేనే పెద్దది వేయించండి.