చలి దేశం నుంచి వరంగల్‌కు: ఓసీఐ కార్డు దరఖాస్తు విధానం

నవంబరు వచ్చిందంటే కెనడాలో ఉన్న మా అన్నయ్యకు మోకాళ్లు పట్టేస్తాయి. మందులు ఎన్ని మార్చినా కీళ్లవాతం అదుపులోకి రాలేదు. చివరికి హనుమకొండలో ఇంటికే వచ్చేస్తానన్నాడు. తీరా చూస్తే ఆయన ఇప్పుడు కెనడా పౌరుడు. కాగితాల లెక్కలో పుట్టిన ఊరే పరాయి దేశం. ఆ కాగితాల పని నా మీద పడింది కాబట్టి ఈ నాలుగు మాటలు.

ఇలా వచ్చి స్థిరపడేవారికి కావలసింది ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. పేరులో పౌరసత్వం ఉన్నా ఇది రెండో పౌరసత్వం కాదు, జీవితాంతం చెల్లే వీసా. ఇక్కడ ఎన్నేళ్లు ఉన్నా విదేశీయుల కార్యాలయంలో నమోదు అక్కర్లేదు. ఓటు మాత్రం ఉండదు.

1950 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ భారత పౌరులుగా ఉన్నవారు, వారి పిల్లలు, మనవలు, మునిమనవలు దరఖాస్తు చేయవచ్చు. 1947 ఆగస్టు 15 తర్వాత దేశంలో కలిసిన ప్రాంతాలవారి కోసం చట్టంలో విడిగా ఒక నిబంధన కూడా ఉంది. హైదరాబాద్ సంస్థానం కలిసింది 1948 సెప్టెంబరులో కదా, నిజాం ఏలుబడిలో వరంగల్‌లో పుట్టిన పెద్దలు నిశ్చింతగా ఉండవచ్చు.

మొదటి పని పాత భారత పాస్‌పోర్టు అప్పగించడం. పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం వేరే దేశపు పౌరసత్వం తీసుకున్న క్షణమే మన పౌరసత్వం పోతుంది. అయినా మనసొప్పక పాస్‌పోర్టును బీరువాలో దాచుకునేవారు చాలామంది. అప్పగించినట్టు ధ్రువపత్రం లేకపోతే ఓసీఐ దరఖాస్తు ముందుకు సాగదు. ఇచ్చేముందు ప్రతి పేజీనీ స్కాన్ చేసి పెట్టుకోండి, భారతీయ మూలానికి అదే మంచి రుజువు.

తర్వాత ఓసీఐ వెబ్‌సైటులో ఫారం నింపాలి. అందులో మోకాళ్ల సంగతి ఎవరూ అడగరు, డాక్టరు ఉత్తరాలు జతచేయడం వృథా. పట్టిపట్టి చూసేది పేర్లనే. మన ఇంటిపేర్లు పెట్టే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాత పాస్‌పోర్టులో పూర్తి పేరు, కెనడా పాస్‌పోర్టులో చివరికి చేరిన పేరు. మా దరఖాస్తు ఒకసారి తిరిగొచ్చింది కూడా ఇందుకే. నాన్న పేరు లక్ష్మయ్యను ఇంగ్లీషులో రాసినప్పుడు చివరి 'హెచ్' పాత పాస్‌పోర్టులో ఉంది, నేను నింపిన ఫారంలో లేదు. ఆ ఒక్క అక్షరానికి మూడు వారాలు. తల్లిదండ్రుల పేర్లను నోటికి వచ్చినట్టు కాకుండా పాత పాస్‌పోర్టు చివరి పేజీ ఎదురుగా పెట్టుకుని ఎక్కించండి. పేరు మారి ఉంటే దాచకుండా రాసి, రుజువు జతచేయండి.

ఫోటో నాలుగు వైపులా సమానంగా ఉండాలి. సంతకం వెడల్పు ఎత్తుకు మూడింతలు. విదేశీ పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. విదేశం నుంచి దరఖాస్తు చేస్తే రుసుము 275 అమెరికన్ డాలర్లు, భారతదేశంలో చేస్తే 15,000 రూపాయలు. నా మాట వింటే అక్కడే చేయండి, కార్డు చేతికి రాకముందు టికెట్లు కొనకండి.

భూమి విషయంలో తొందరపడవద్దు. ఊరికి రాగానే పరకాల వైపో నర్సంపేట వైపో రెండెకరాలు కొని చిన్న ఇల్లు వేసుకోవాలని అందరికీ ఉంటుంది. ఓసీఐ కార్డుతో వ్యవసాయ భూమి, ఫాంహౌస్ కొనకూడదు, బహుమతిగానూ తీసుకోకూడదు. ఇక్కడే ఉన్న తండ్రి నుంచి వారసత్వంగా వస్తే అభ్యంతరం లేదు. హనుమకొండలో ఫ్లాటు, ఇల్లు నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు.

మందుల చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి, అక్కడి బ్రాండు పేరు చెబితే ఇక్కడి మెడికల్ షాపులో తెల్లమొహం వేస్తారు. ప్రయాణం దసరా తర్వాత పెట్టుకోండి. వెచ్చదనం కోరి వచ్చినవాళ్లను మే నెల ఎండలోకి దింపడం న్యాయం కాదు, వరంగల్‌లో అప్పుడు 40 డిగ్రీలు దాటుతుంది.

వచ్చాక చిరునామా మారితే హైదరాబాద్‌లోని విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయానికి తెలియజేయాలి. ఆధార్ కావాలంటే దరఖాస్తుకు ముందు 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉండాలి. అన్నయ్య గోడ క్యాలెండరులో రోజులు కొట్టేస్తున్నాడు, ఇంకా 41 మిగిలాయి.