చలికి తలుపులు మూసేముందు పొయ్యికి గాలి చూడండి

చలి ముదిరితే ఆదిలాబాద్, ఆసిఫాబాద్ పల్లెల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగుతుంది. తలుపులు, కిటికీలు బిగించేస్తాం, సందుల్లో గుడ్డలు కుక్కుతాం. ఎండాకాలమంతా మంచిగా మండిన కట్టెల పొయ్యి అప్పుడే కళ్లు మండించడం మొదలుపెడుతుంది. పొయ్యిని తిట్టి లాభం లేదు, దానికి గాలి అందట్లేదు.

మంట దగ్గర వేడెక్కిన గాలి తేలికై పొగ గొట్టంలోంచి పైకి పోతుంది. ఎంత పోయిందో అంత గాలి గదిలోంచి పొయ్యి నోట్లోకి రావాలి. అది రాకపోతే గొట్టం లాగదు, పొగ ఇంట్లోకే తిరుగుతుంది. పొయ్యి మండినంతసేపు పొయ్యికి దగ్గరున్న తలుపో కిటికీనో బెత్తెడు తెరిచి ఉంచండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే పొగ పోతుందనుకుంటారు. అన్నీ మూసిన గదిలో అది ఉల్టా పని చేస్తుంది: గొట్టంలో పైకి పోవాల్సిన పొగను వెనక్కి గుంజుతుంది.

తెల్లారుజామున గొట్టం చల్లగా ఉంటుంది, అందులోని గాలి బరువుగా కిందికే నెడుతుంది. ముందు ఎండిన సన్న పుల్లలతో చిన్న మంట వేసి, గొట్టం వేడెక్కాకే పెద్ద కట్టె పెట్టండి. పత్తికట్టె భగ్గున మండి చప్పున ఆరుతుంది కదా అని పొయ్యి నోరు నిండా కుక్కొద్దు. పై సగం ఖాళీగా ఉండాలి, కట్టెల కింద జాలీ ఉంటే ఇంకా మంచిది. జాలీ కింద బూడిద నిండితే గాలి దారి మూసుకున్నట్టే, రోజూ తీయండి. గొట్టం లేని పొయ్యైతే గిన్నెకూ పొయ్యి అంచుకూ మధ్య సందు సుమారు సెంటీమీటరున్నర చాలు. తక్కువైతే పొగ నోట్లోంచి తన్నుకొస్తుంది, ఎక్కువైతే వేడి గిన్నెను తాకకుండానే పక్కనుంచి పోతుంది.

పచ్చి కట్టె వేడిలో కొంత దాని నీళ్లు ఆవిరి కావడానికే పోతుంది. చల్లారిన పొగ గొట్టం లోపల తారులా పేరుకుంటుంది, ఒకరోజు దానికే నిప్పంటుకోవచ్చు. రోజూ వాడే గొట్టాన్ని నెలకోసారి దులపండి. గడ్డి కప్పులోంచి ఉత్త రేకు గొట్టం తీయడం ప్రమాదం. గొట్టం కొన ఇంటి కొప్పు కన్నా రెండడుగులైనా పైకి ఉండాలి, లేకుంటే కప్పు మీద తిరిగే గాలి పొగను కిందికి తోస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం పడక గదిలో పెట్టే బొగ్గుల కుంపటి. నిప్పులు ఎర్రగా ఉంటాయి, పొగ కనబడదు, కానీ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రపోయే ముందు కుంపటి బయట పెట్టాల్సిందే, మూలకు జరిపితే చాలదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం మొదలైతే జలుబనుకోకుండా అందరూ బయటికి వచ్చి 108కి ఫోన్ చేయండి.

పారబోసే బూడిదలో నిప్పు మర్నాటిదాకా ఉండొచ్చు. నీళ్లు చల్లి, పత్తికట్టె కుప్పకు దూరంగా పోయండి.