చివరి రోజు బిల్లులు రాని రిపోర్టు: నా అనుభవం

ఒంగోలులో నేను లెక్కలు చూసే రొయ్యల మేత డిపో కోసం, డేటాబేస్‌లోని వివరాలతో రిపోర్టులు తయారుచేసే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్ రిపోర్టింగ్ సర్వీసెస్‌లో అమ్మకాల రిపోర్టు తయారుచేసి, మొదటి తేదీ, చివరి తేదీ అనే రెండు పారామీటర్లు (రిపోర్టు తెరిచేటప్పుడు మనం ఇచ్చే విలువలు) పెట్టాను. మార్చి 1 నుంచి 31 వరకు అడిగితే 31వ తేదీ బిల్లు ఒక్కటీ రాలేదు.

సమయం లేకుండా తేదీ మాత్రమే ఇస్తే సర్వర్ దానిని ఆ రోజు మొదలయ్యే 00:00 గంటలుగా తీసుకుంటుంది. ఉదయం 9:40కి కొట్టిన బిల్లు ఆ హద్దు దాటిపోతుంది కనుక, రెండు తేదీల మధ్య ఉన్నవాటినే ఎంచుకోవడానికి నేను రాసిన బిట్వీన్ షరతు దానిని వదిలేస్తుంది. అందుకే బిల్లు సమయం మొదటి తేదీకి సమానంగా గాని ఎక్కువగా గాని ఉండాలనీ, చివరి తేదీకి ఒక రోజు కలిపితే వచ్చే తేదీకంటే తక్కువగా ఉండాలనీ షరతు మార్చి రాశాను. కొందరు 23:59:59 అని రాస్తారు గాని, ఆ ఆఖరి సెకనులో పడిన బిల్లు జారిపోవచ్చు కనుక ఆ పద్ధతి నాకు నచ్చదు.

పారామీటరు రకాన్ని కూడా టెక్స్ట్ నుంచి డేట్‌టైమ్‌కు మార్చాను. ఇప్పుడు క్యాలెండర్‌లో తేదీ ఎంచుకోవచ్చు. 31వ తేదీ మొత్తం గుమాస్తా చేతిరాత చిట్టాతో పైసలతో సహా సరిపోయింది.