జీవిత రేఖలు రాద్దాం – 6వ పాఠం: అవార్డుల మాట ఎక్కడ చెప్పాలి?

ముందుగా గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం సంగతి చూద్దాం. పాకిస్తాన్ సంఘసేవకుడు అబ్దుల్ సత్తార్ ఈధీ పుట్టుక గురించి రెండు వాక్యాలు రాయమన్నాను. "1928లో గుజరాత్‌లోని బాంట్వాలో, మేమన్ వ్యాపార కుటుంబంలో పుట్టారు. దేశ విభజన తర్వాత కుటుంబం కరాచీ చేరింది" అని రాస్తే చాలు. "పాకిస్తాన్‌లో పుట్టిన మహనీయుడు" అని రాస్తే తప్పు. ఆయన పుట్టేనాటికి ఆ దేశమే లేదు, బాంట్వా ఈనాటికీ మన గుజరాత్‌లోనే ఉంది.

ఈ పాఠంలో కూడా ఆయన్నే పట్టుకుని ముందుకెళ్దాం. జీవిత రేఖల్లో అందరూ చివరి పేరాలో కుక్కేసే అవార్డుల సంగతి ఇప్పుడు చూద్దాం. సాధారణంగా ఆ పేరా ఇలా ఉంటుంది:

"ఈధీ తన నిస్వార్థ సేవలకు గాను ఎన్నో అవార్డులు, రివార్డులు అందుకున్నారు. 1986లో రామన్ మెగసెసె అవార్డు, 1989లో నిషాన్-ఎ-ఇంతియాజ్ ఆయన కీర్తి కిరీటంలో కలికితురాళ్లు."

ఇందులో తప్పుడు సమాచారం ఏమీ లేదు. కానీ పేరు తీసేసి ఇంకెవరి పేరు పెట్టినా సరిపోతుంది. ఇలాంటి వాక్యాన్ని పాఠకుడు చదవడు, దాటేస్తాడు. కలికితురాయి అన్న మాటను ఒక ఏడాది పాటు ఎవరూ వాడకూడదని తెలుగు పత్రికలన్నీ ఒప్పందం చేసుకుంటే ఎంత బాగుంటుందో!

ఇప్పుడు దీన్నే మార్చి చూద్దాం:

"ఈధీ కేంద్రాల బయట ఒక ఊయల ఉంటుంది. పెంచలేని పసిబిడ్డను చెత్తకుప్పలో పారేయకుండా అందులో వదిలి వెళ్లమని దాని ఉద్దేశం. అలా వచ్చిన పిల్లల ఆలనాపాలనా చూసింది ఆయన భార్య, నర్సుగా శిక్షణ పొందిన బిల్కీస్. 1986లో మెగసెసె అవార్డు ఇద్దరికీ కలిపి వచ్చింది. మూడేళ్ల తర్వాత పాకిస్తాన్ ప్రభుత్వం ఇచ్చిన నిషాన్-ఎ-ఇంతియాజ్ మాత్రం ఆయన ఒక్కరి పేరునే ఉంది. బిల్కీస్‌కు హిలాల్-ఎ-ఇంతియాజ్ విడిగా దక్కింది."

ఈధీకి వచ్చిన అవార్డులు అవే. కానీ ఇక్కడ ఎవరు ఏ పని చేశారో, ఆ గుర్తింపు ఎవరి ఖాతాలో పడిందో తెలుస్తోంది. అవార్డు ప్రస్తావన ఆ పని పక్కనే రావాలి. ఈ పాఠంలో మీరు నేర్చుకోవాల్సింది ప్రధానంగా ఇదే. మిగతాదంతా ఇది సరిగ్గా చేయడానికి కావలసిన సరంజామా.

పాకిస్తాన్ ఉదాహరణలే ఎందుకంటే, పద్మ పురస్కారాల గురించి మనకు అన్నీ తెలుసన్న ధీమా ఉంటుంది కాబట్టి సరిచూసుకోం. పొరుగు దేశం అనేసరికి ప్రతి పేరూ, ప్రతి ఏడాదీ వెతకాల్సిందే. అలవాటు చేసుకోవడానికి ఇదే మంచి చోటు.

మెట్లు తెలుసుకోండి

పాకిస్తాన్ 1956 మార్చి 23న గణతంత్రం అయింది. మరుసటి ఏడాది మార్చిలో పౌర పురస్కారాలను ఏర్పాటు చేశారు. వాటిలో ఐదు వరసలున్నాయి: పాకిస్తాన్, షుజాత్, ఇంతియాజ్, ఖాయిద్-ఎ-ఆజమ్, ఖిద్మత్. షుజాత్ అంటే ధైర్యసాహసాలకు, ఖిద్మత్ అంటే సేవకు. ప్రతి వరసలోనూ నాలుగు మెట్లు. పైనుంచి కిందికి నిషాన్, హిలాల్, సితారా, తమ్గా. వీటితో పాటు కళలు, సాహిత్యం, క్రీడల వంటి రంగాల్లో రాణించినవాళ్లకు రాష్ట్రపతి పేరున ఇచ్చే 'ప్రైడ్ ఆఫ్ పెర్ఫార్మెన్స్' వేరే ఉంది. ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్‌కు 1987లో వచ్చింది ఇదే.

అంటే పురస్కారం పేరులో రెండు ముక్కలుంటాయి. మొదటిది మెట్టు, రెండోది వరస. ఒక ముక్క మారినా అది వేరే పురస్కారమే. హిలాల్-ఎ-ఇంతియాజ్, హిలాల్-ఎ-పాకిస్తాన్ రెండూ ఒకటి కావు.

మన దగ్గర తరచూ కనిపించే తప్పు ఇక్కడే దొర్లుతుంది. దిలీప్ కుమార్ గురించి రాసేటప్పుడు "పాకిస్తాన్ అత్యున్నత పౌర పురస్కారం నిషాన్-ఎ-ఇంతియాజ్" అని రాసేస్తారు. అత్యున్నతమైనది నిషాన్-ఎ-పాకిస్తాన్. 1990లో అది మొరార్జీ దేశాయ్‌కి ఇచ్చారు. మరుసటి ఏడాది ఆయనకు భారతరత్న వచ్చింది. దిలీప్ కుమార్‌కు 1998లో ఇచ్చిన నిషాన్-ఎ-ఇంతియాజ్ కూడా పెద్ద గౌరవమే. దాన్ని గొప్పగా చూపించాలని "అత్యున్నత" అని తగిలించనక్కర్లేదు. అసలు అవార్డు పేరుకు ముందు విశేషణం పెట్టాలని చెయ్యి దురద పెట్టిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగండి.

ఏ ఏడాది?

ఈ పురస్కారాలను ప్రతి ఏటా ఆగస్టు 14న, స్వాతంత్ర్య దినం నాడు ప్రకటిస్తారు. అందజేసేది మరుసటి ఏడాది మార్చి 23న. అందుకే ఒకే వ్యక్తికి ఒకే పురస్కారం ఒక చోట 2012 అని, ఇంకో చోట 2013 అని కనిపిస్తుంది. రెండూ నిజమే. టెన్షన్ పడకుండా ఏదో ఒకటి ఎంచుకుని "ప్రకటించింది" అనో "అందజేసింది" అనో క్రియ సరిగ్గా వాడితే సరిపోతుంది. "2012లో లభించింది" అని మాత్రం రాయకండి, దాంతో ఏదీ తేలదు.

క్రియ విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. గజల్ గాయకుడు మెహదీ హసన్ 2012 జూన్ 13న కరాచీలో కన్నుమూశారు. నిషాన్-ఎ-ఇంతియాజ్ ప్రకటించింది ఆ ఆగస్టులో. "2012లో నిషాన్-ఎ-ఇంతియాజ్ అందుకున్నారు" అని రాశారంటే చనిపోయిన మనిషిని వేదిక ఎక్కించినట్టే. "మరణానంతరం" అన్న ఒక్క మాట తప్పనిసరి. బతికుండగా ఆయనకు ప్రైడ్ ఆఫ్ పెర్ఫార్మెన్స్, హిలాల్-ఎ-ఇంతియాజ్ వచ్చాయి. కానీ ఆయన జీవిత రేఖలో నేనైతే వీటికంటే ముందు ఇంకో సంగతి చెప్తాను. రాజస్థాన్‌లోని లూణా గ్రామం నుంచి, సంగీతమే వృత్తిగా ఉన్న ఇంటి నుంచి వలస వెళ్లిన ఈ యువకుడు పొట్టకూటి కోసం సైకిల్ షాపులో చేశాడు, తర్వాత కార్లు, ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్ అయ్యాడు. పని చేస్తూనే సాధన మానలేదు. ఇది చెప్పాక అవార్డు ప్రస్తావిస్తే దానికి బరువు వస్తుంది.

అదే రోజు ప్రకటించిన మరో నిషాన్-ఎ-ఇంతియాజ్ కథకుడు సాదత్ హసన్ మంటోది. మంటో పోయింది 1955 జనవరిలో, అంటే ఆ ప్రకటనకు యాభై ఏడేళ్ల ముందు. కథల్లో అశ్లీలం ఉందని ఆయన మీద ఆరు కేసులు నడిచాయి. మూడు విభజనకు ముందు, మూడు పాకిస్తాన్ ఏర్పడ్డాక. ఉర్దూ కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ సంగతీ ఇంచుమించు ఇంతే. 1951లో ప్రభుత్వాన్ని కూల్చజూశారన్న రావల్పిండి కుట్ర కేసులో అరెస్టయి నాలుగేళ్లు జైల్లో ఉన్నారు. 1962లో సోవియట్ యూనియన్ లెనిన్ శాంతి బహుమతి ఇచ్చింది. 1984 నవంబరులో లాహోర్‌లో చనిపోయారు. సొంత దేశం నిషాన్-ఎ-ఇంతియాజ్ ఇచ్చింది 1990లో.

ఇలాంటి చోట రచయితకు చెయ్యి ఊరుకోదు. "ఎంతటి విధి వైచిత్రి!" అనో "బతికుండగా గుర్తించని దేశం..." అనో మొదలుపెడతాడు. వద్దు. కేసుల సంఖ్య, జైలుకెళ్లిన ఏడాది, పోయిన ఏడాది, పురస్కారం ఏడాది వరసగా పెట్టి ఊరుకోండి. తేదీలే మాట్లాడతాయి. మీరు నోరు తెరిస్తే పాఠకుడు సొంతంగా అనుకోవాల్సిన మాటను మీరు లాక్కున్నట్టవుతుంది.

అన్నీ రాయాలా?

అక్కర్లేదు. దీనికి డాక్టర్ రూత్ ఫావ్ జీవితం కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఈమె గురించి కొంచెం ఎక్కువే చెప్తాను.

1929లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టారు. వైద్యం చదివి క్యాథలిక్ సన్యాసినుల సంఘంలో చేరారు. 1960లో సంఘం ఆమెను భారతదేశానికి పంపింది. దారిలో వీసా ఇబ్బంది వచ్చి కరాచీలో ఆగిపోయారు. అక్కడ రైల్వే స్టేషన్ దగ్గర మెక్లియోడ్ రోడ్డు వెనకనున్న కుష్టు రోగుల కాలనీ చూశారు. ఇక ఎక్కడికీ కదల్లేదు. మరుసటి ఏడాది కుష్టు చికిత్స నేర్చుకోవడానికి మన వెల్లూరుకి వచ్చి, నేర్చుకుని తిరిగి కరాచీ వెళ్లిపోయారు. గుడిసెలో నడుస్తున్న మేరీ అడిలైడ్ కేంద్రం ఆమె చేతుల మీదుగా ఆస్పత్రి అయింది, ఆ తర్వాత దేశమంతటా శాఖలు పుట్టాయి. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాకిస్తాన్‌లో కుష్టు అదుపులోకి వచ్చిందని ప్రకటించింది. ఆసియాలో ఆ స్థితికి చేరిన తొలి దేశాల్లో అదొకటి.

ఇప్పుడు ఆమెకు వచ్చిన గౌరవాలు చూడండి. 1969లో సితారా-ఎ-ఖాయిద్-ఎ-ఆజమ్, 1979లో హిలాల్-ఎ-ఇంతియాజ్, 1989లో హిలాల్-ఎ-పాకిస్తాన్, 2002లో రామన్ మెగసెసె, 2010లో నిషాన్-ఎ-ఖాయిద్-ఎ-ఆజమ్. ఇంకా చాలా ఉన్నాయి. అన్నీ రాస్తే ఆ పేరా రైల్వే టైంటేబుల్‌లా ఉంటుంది.

ఏవి ఉంచాలో తేల్చడానికి నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ పురస్కారం తీసేస్తే కథలో ఏదైనా తగ్గుతుందా? రూత్ ఫావ్‌కు పాకిస్తాన్ పౌరసత్వం ఇచ్చింది 1988లో. అంటే 1969లో, 1979లో ఆ దేశం గౌరవించింది ఒక విదేశీయురాలిని. ఇది చెప్పదగ్గ సంగతి. అందుకే మొదటి సితారాను ఉంచి, పౌరసత్వం ఏడాదిని దాని పక్కనే పెడతాను. 1989 హిలాల్, మెగసెసె తీసేస్తాను. 2010 నిషాన్ ఉంచినా, లేకపోయినా ఫర్వాలేదు. ఎందుకంటే దానికంటే పెద్దది ఇంకోటుంది. 2017 ఆగస్టు 10న ఆమె చనిపోయారు. తొమ్మిది రోజుల తర్వాత సెయింట్ పాట్రిక్స్ చర్చిలో ప్రార్థనలు జరిపి, ప్రభుత్వ లాంఛనాలతో, జాతీయ పతాకం కప్పి, సైనిక వందనంతో కరాచీలోని క్రైస్తవ శ్మశానంలో ఖననం చేశారు. అక్కడి సివిల్ ఆస్పత్రికి ఆమె పేరు పెట్టారు. ఏ బిరుదుల పట్టికలోనూ ఉండని గౌరవం అది. పట్టిక మాత్రమే చూసి రాసేవాళ్లకు ఇది దొరకదు.

వచ్చాక ఏమైంది?

పురస్కారం అందుకున్న రోజుతోనే దాని కథ ముగియదు. పెషావర్‌లో యూసుఫ్ ఖాన్‌గా పుట్టిన దిలీప్ కుమార్‌ను 1999లో కార్గిల్ యుద్ధ సమయంలో నిషాన్-ఎ-ఇంతియాజ్ వెనక్కి ఇచ్చేయమని గొడవ చేశారు. ఆయన ప్రధాని వాజ్‌పేయితో మాట్లాడి, ఇవ్వకూడదనే నిర్ణయించుకున్నారు. ఆయన జీవిత రేఖలో 1998 కంటే 1999 ముఖ్యం. ఎవరి గురించి రాస్తున్నా ఆ తర్వాతి రెండు మూడేళ్ల వార్తలు కూడా తిరగేయండి. తిరిగిచ్చేసినవాళ్లు, తిరస్కరించినవాళ్లు, అసలు వెళ్లి తీసుకోనివాళ్లు అక్కడే దొరుకుతారు.

పేరు ముందు బిరుదు తగిలించే అలవాటు గురించి కూడా ఒక మాట. మన దగ్గర పద్మ పురస్కారాలను పేరుకు ముందూ వెనకా వాడకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా శుభలేఖల దగ్గర్నుంచి సినిమా టైటిళ్ల దాకా వాడుతూనే ఉన్నారు. జీవిత రేఖలో మాత్రం వాడకండి. పొరుగువాళ్ల పేర్లకూ అదే పద్ధతి. "నిషాన్-ఎ-ఇంతియాజ్ ఈధీ" అని రాయొద్దు, ఈధీ చాలు.

అభ్యాసం

ఈసారి మన దక్కన్ మట్టి ఉన్న మనిషి. కింద ఇచ్చినవి ముడి వివరాలు, కావాలనే చిందరవందరగా పెట్టాను.

ఫాతిమా సురయ్యా బజియా. ఉర్దూ నాటక రచయిత్రి. 1930 సెప్టెంబరు 1న నాటి హైదరాబాద్ సంస్థానంలో పుట్టారు. 2012లో హిలాల్-ఎ-ఇంతియాజ్. బడికి వెళ్లలేదు, చదువంతా ఇంట్లోనే. 1999లో జపాన్ ప్రభుత్వ పురస్కారం. విభజన తర్వాత కుటుంబం కరాచీకి వెళ్లింది. తమ్ముడు అన్వర్ మక్సూద్ వ్యంగ్య రచయిత, చెల్లెళ్లలో జెహ్రా నిగాహ్ కవయిత్రి, జుబైదా తారిఖ్ టీవీలో వంటలు నేర్పి ఇంటింటికీ తెలిసిన మనిషి. పాకిస్తాన్ టెలివిజన్‌లో 'షమా', 'అఫ్షాన్' సీరియళ్లు. 2016 ఫిబ్రవరి 10న కరాచీలో మరణం.

వీటితో నూట ఇరవై పదాలు దాటకుండా జీవిత రేఖ రాయండి. రెండు పురస్కారాలున్నాయి. రెండూ ఉంచాలా, ఒకటే ఉంచాలా అన్నది మీ ఇష్టం, కానీ ఉంచినదాన్ని చివరి వాక్యంలో పెట్టకూడదు. 2012 అన్నది ప్రకటించిన ఏడాదా, అందజేసిన ఏడాదా అన్నది రాసే ముందు సరిచూసుకోండి. ఆ ఇంట్లో ఇంతమంది పేరున్నవాళ్లు ఉన్నారు కదా అని తోబుట్టువుల గురించే సగం రాసేయకండి, చాలామంది పడే గుంట అదే. వచ్చే పాఠంలో ఈ ముసాయిదానే తీసుకుని మొదటి వాక్యం ఎలా ఎంచుకోవాలో చూద్దాం. అంతవరకూ దాన్ని దాచి ఉంచండి.