తొలకరి పడకముందే పిల్లి పొట్ట తిరగేసి చూడండి

రోహిణి కార్తెలో బెజవాడ ఇళ్లల్లో పిల్లులు గచ్చు మీద వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాచి నిద్రపోతాయి. మా పిల్లి అలా పడుకున్న ఒక మధ్యాహ్నమే దాని పొట్ట సంగతి బయటపడింది. వెనక కాళ్ల మధ్య నుంచి పొట్ట నడిమి దాకా బొచ్చు లేదు. పుండు లేదు, ఎరుపు లేదు, మంగలి వచ్చి నున్నగా గొరిగి వెళ్లినట్టుంది. రోజూ మా ఒళ్లో పడుకునే జంతువు. ఎన్నాళ్లుగా ఇలా ఉందో ఇంట్లో ఒక్కరం చెప్పలేకపోయాం.

"వేడి చేసిందమ్మా, కాస్త మజ్జిగ పొయ్యి" అన్నారు పక్క ఫ్లాటు పిన్నిగారు. నోటిపూత దగ్గర నుంచి కళ్లమంట దాకా మనకు ఆ ఒక్క కారణం చాలు. పిల్లికి మాత్రం చాలదు. వానలు మొదలయ్యాక చర్మం జబ్బులు ఎక్కువవుతాయి, అప్పుడు దేనివల్ల ఏది వచ్చిందో విడదీయడం కష్టమవుతుంది. అందుకని మృగశిర కార్తె వచ్చేలోగా, అంటే జూన్ మొదటి వారంలోపు, ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు చేయవలసిన పనులు కొన్ని చెబుతాను.

ఊడిందా, తెగిందా

మొట్టమొదట తేల్చుకోవలసింది ఇది. పిల్లుల్లో బొచ్చు పోవడమంటే చాలా సందర్భాల్లో ఊడిపోవడం కాదు, అదే నాకి నాకి తెంపుకోవడం. పిల్లి నాలుక మీద వెనక్కి వంగిన సన్నటి ముళ్లుంటాయి. అది మన చెయ్యి నాకినప్పుడు గరుకు కాగితంతో రాసినట్టు ఉండేది అందుకే. దురద పుట్టిన చోట ఆ నాలుకతో గంటల తరబడి రాస్తే వెంట్రుక నిలుస్తుందా? పైగా ఆ పని మన ఎదుట చేయదు. మంచం కింద, బీరువా మీద, మనం నిద్రపోయాక చేస్తుంది. "మా పిల్లి అసలు గోక్కోదండీ" అని మీరు ఎంత గట్టిగా చెప్పినా పశువైద్యులు పూర్తిగా నమ్మకపోవడానికి కారణం అదే.

బొచ్చు పోయిన చోటు అంచున వేలితో ఎదురు రాసి చూడండి. మొండి మొనలు గుచ్చుకుంటే అది తెగిన బొచ్చు. వైద్యులైతే నాలుగు వెంట్రుకలు పీకి సూక్ష్మదర్శిని కింద పెడతారు. కొస సన్నగా ఉంటే దానంతట అదే ఊడినట్టు, విరిగి ఉంటే నాకినట్టు. నిమిషాల్లో తేలే ఈ పరీక్షను అడిగి చేయించుకోండి.

కంటికీ చెవికీ మధ్య బొచ్చు పలచగా ఉండటం పిల్లులకు సహజం, దానికి కంగారు పడనక్కర్లేదు. ఒళ్లంతా సమానంగా కాస్త రాలుతూ, ఎక్కడా చర్మం బయటపడకుండా ఉంటే అదీ మామూలే.

"ఒంటరిగా ఉండి దిగులు పెట్టుకుంది" అనేది ఈ మధ్య బాగా వినిపిస్తున్న ఇంకో మాట. దిగులుతో నాకే పిల్లులు లేకపోలేదు. కానీ 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో, మనోవేదన వల్లే బొచ్చు పోగొట్టుకున్నాయనుకున్న 21 పిల్లులను నిశితంగా పరీక్షిస్తే 16 పిల్లులకు అసలు కారణం శరీరంలోనే దొరికింది. దిగులు తప్ప మరే కారణమూ లేనివి రెండే రెండు. కాబట్టి ఆ మాట అన్నిటికన్నా చివర అనుకోవలసింది. పొట్ట దిగువ భాగాన్నే పదేపదే నాకుతుంటే మూత్రాశయంలో నొప్పి ఉందేమో చూడాలి. మూత్రం చుక్కలు చుక్కలుగా పోస్తోందా అన్నది అది మలమూత్రాలకు వెళ్లే మట్టిపెట్టె మీకు చెబుతుంది. మగపిల్లికి మూత్రం పూర్తిగా ఆగిపోతే అది గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది, ఇక చర్మం సంగతి పక్కన పెట్టి పరుగెత్తాలి.

గడప దాటని పిల్లికి పురుగులెక్కడివి

దురదకు పెద్ద కారణం ఫ్లీ అనే పురుగు. పేను, పిడుదు, గోమారి అని మనం అన్నిటినీ ఒక గాటన కట్టేస్తాం గానీ ఇది వేరు. నువ్వుగింజ కన్నా చిన్నది, ముదురు గోధుమరంగు, రెండు పక్కల నుంచీ అదిమినట్టు పలచగా ఉంటుంది. పట్టుకోబోతే దూకేస్తుంది. నాలుగో అంతస్తులో ఉన్నా సరే, సెల్లారులో పడుకునే వీధికుక్క, పిట్టగోడ మీద తిరిగే ఊరపిల్లి, కాలవలు పొంగినప్పుడు పైకి ఎగబాకే ఎలుకలు దాన్ని మన గుమ్మం దాకా తెస్తాయి. గుమ్మం దగ్గర నుంచి లోపలికి మన చెప్పులు, ప్యాంటు అంచులు తెస్తాయి.

ఆడ ఫ్లీ రోజుకు 40 దాకా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు బొచ్చుకు అంటుకుని ఉండవు. పిల్లి ఎక్కడ పడుకుంటే అక్కడ, సోఫా సందుల్లో, దివాను పరుపు కింద, రాలిపోతాయి. పిల్లి ఒంటి మీద కనిపించేవి మొత్తంలో చాలా కొద్ది వంతు, మిగతాదంతా ఇంట్లో గుడ్లుగా, లార్వాలనే పిల్లపురుగులుగా, అవి అల్లుకున్న గూళ్లుగా ఉంటుంది. మన మే నెల వడగాడ్పులకు గుడ్లు, లార్వాలు ఎండి చస్తాయి. తొలకరితో గాలిలో తేమ పెరగగానే మిగిలినవాటికి పండగ. గూటిలో ఉన్నవి నెలల తరబడి అలాగే ఉండి, ఒంటి వేడి, అడుగుల కదలిక తగలగానే ఒక్కసారిగా బయటికొస్తాయి. వేసవి సెలవులకు ఊరెళ్లి జూన్‌లో తాళం తీయగానే కాళ్లకు ఏదో కుట్టినట్టు అనిపించిందంటే కారణం అదే కావచ్చు.

అందుకే ఎండ ఉండగానే దాన్ని వాడుకోండి. పిల్లి పడుకునే బొంతలు, దిండ్ల గలీబులు, దివాను గుడ్డలు వేడినీళ్లలో ఉతికి, వడియాలు పెట్టే మేడ మీద పరుపులతో సహా రెండు మూడు రోజులు ఎండనివ్వండి. సోఫా సందులు, మంచం కోళ్ల చుట్టూ వాక్యూమ్ పెట్టి, ఆ చెత్త అదే రోజు ఇంటి బయట పారేయండి. జూలైలో ఈ పని చేద్దామన్నా ఆరేసే చోటుండదు.

ఇక దువ్వెన పరీక్ష. పేలదువ్వెన, లోహంతో చేసినది, పళ్లు బాగా దగ్గరగా ఉన్నది తీసుకోండి. తడిపిన తెల్లటి దూది పక్కన పెట్టుకుని, తోక మొదట్లో నడుము మీద, మెడ చుట్టూ నెమ్మదిగా దువ్వండి. దువ్వెనకు నల్లటి మిరియపు పొడి లాంటి నలుసులు వస్తే దూది మీద దులపండి. మామూలు మురికైతే నల్లగానే ఉంటుంది. మా ఇంట్లో దులిపినవి అర నిమిషంలో కరిగి, చుట్టూ ఇటుకరంగు వలయాలు విచ్చుకున్నాయి. అది ఫ్లీ విసర్జించిన రక్తం, మన పిల్లిదే. పిన్నిగారు అది చూసి మజ్జిగ మాట మళ్లీ ఎత్తలేదు.

ఏమీ రాకపోయినా ఫ్లీలు లేవని తీర్మానించకండి. ఫ్లీ లాలాజలం ఒంటికి సరిపడని, అంటే అలర్జీ ఉన్న, పిల్లికి ఒకటి రెండు కాట్లే చాలు దురద పుట్టడానికి, ఆ కుట్టిన పురుగును అది నాకి మింగేసి సాక్ష్యం లేకుండా చేస్తుంది. తోక కింద, పడుకున్న గుడ్డ మీద బియ్యపు నూకల్లాంటివి కనిపిస్తే ఫ్లీని మింగడం వల్ల వచ్చిన బద్దెపురుగు ముక్కలు అవి. దానికి వేరే మందు ఉంది.

మందు దగ్గరే పిల్లుల ప్రాణాలు పోతున్నాయి

ఈ మాట కొంచెం గట్టిగానే అంటున్నాను. మెడ వెనక వేసే చుక్కల మందు కోసం నేను వెళ్లిన ఒక దుకాణంలో కుక్కల మందు చేతిలో పెట్టి "పిల్లికి సగం వెయ్యండి, సరిపోతుంది" అన్నారు. పెట్టె తిప్పి చూస్తే పెర్మెత్రిన్. కుక్కకు పనికొచ్చే ఆ మందును పిల్లి కాలేయం విరవలేదు. సగం కాదు, కొన్ని చుక్కలు పడినా ఒళ్లు వణికి, మూర్ఛలొచ్చి పోవచ్చు. పిల్లి కోసమే అని రాసి ఉన్నది, దాని బరువుకు తగినది, వైద్యులు రాసిచ్చింది మాత్రమే వాడండి. ఫిప్రోనిల్, సెలామెక్టిన్ రకాలు నెలకోసారి వేస్తారు. నాలుక అందని చోట, పుర్రె కింద మెడ మీద, బొచ్చు పాయ తీసి చర్మం మీదే వేయాలి. ఇంట్లో ఎన్ని పిల్లులుంటే అన్నిటికీ ఒకే రోజు, కనీసం మూడు నెలలు వరసగా. గూళ్లలో దాగినవి వచ్చినవి వచ్చినట్టు చావాలంటే అంత కాలం పడుతుంది. పొరపాటున కుక్క మందు పడితే గోరువెచ్చటి నీళ్లు, అంట్లు తోమే ద్రవంతో వెంటనే కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంటి వైద్యాల్లో చిక్కేమిటంటే పిల్లి ఒంటికి పూసిందల్లా గంటలో దాని పొట్టలోకి వెళుతుంది. కర్పూరం, యూకలిప్టస్ నూనె, టీ ట్రీ నూనె విషాలే. చిక్కటి వేపనూనె కూడా ప్రమాదమే. పశువుల మీద చల్లే పొడుల జోలికి అసలు వెళ్లవద్దు. పసుపు ముద్ద పూస్తే పిల్లి చావదు గానీ, చర్మం ఎర్రబడిందో లేదో వైద్యులకు కనిపించకుండా పోతుంది. మనుషుల పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు పిల్లి చావడానికి.

వానాకాలం అనగానే మన చేతులు వెళ్లేవి రెండు. ఒకటి ఫినాయిల్. నీళ్లలో వేయగానే పాలలా తెల్లబడే నేల మందులు చాలావరకు పిల్లికి పడవు. తడి నేల మీద నడిచి పాదాలు నాకుతుంది కదా. సబ్బునీళ్లతో తుడిచి ఆరనివ్వండి. రెండు, చీరల మధ్య పెట్టే కలరా ఉండలు. బీరువాలో దూరి పడుకునే పిల్లి ఉన్న ఇంట్లో అవి వద్దు.

తామర

గుండ్రంగా బొచ్చు పోయి, మధ్యలో బూడిద రంగు పొట్టు రాలుతుంటే తామర అని అనుమానించాలి. పురుగు కాదు, శిలీంధ్రం. కూనలకు, పర్షియన్ పిల్లులకు ఎక్కువ. కొన్ని పర్షియన్లకు పైకి ఏమీ కనబడకుండానే ఉండి ఇంటిల్లిపాదికీ అంటిస్తాయి. పిల్లల మెడ మీద, మోచేతి మీద ఎర్రటి వలయాలు వస్తే ఇద్దరికీ ఒకేసారి వైద్యం జరగాలి, పిల్లలకు చర్మవైద్యుల దగ్గర, పిల్లికి పశువైద్యుల దగ్గర. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే మూడు మందులు కలిసిన ట్యూబులు వద్దే వద్దు. అందులోని స్టెరాయిడ్ ఎరుపును అణిచి, లోపల తామరను విస్తరింపజేస్తుంది, పైగా పిల్లి దాన్ని నాకుతుంది.

వైద్యులు చీకట్లో పట్టి చూసే నీలి దీపం కింద ఆకుపచ్చగా మెరవకపోయినా తామర లేదని కాదు, మెరవని రకాలూ ఉన్నాయి. నిర్ధారణకు శిలీంధ్రాన్ని పెంచి చూసే కల్చర్ పరీక్ష చేస్తే ఫలితానికి రెండు మూడు వారాలు పడుతుంది. బొచ్చు తిరిగి మొలిచినంత మాత్రాన మందు ఆపకూడదు. రాలిన బీజాలు ఇంట్లో ఏడాది దాటి కూడా బతికి ఉండగలవు కాబట్టి రోజూ బొచ్చు ఏరడం, గుడ్డలు విడిగా ఉతకడం తప్పదు.

పర్షియన్ ఉన్నవాళ్లు ఇప్పుడే చంకల్లో, చెవుల వెనక కట్టిన బొచ్చు ఉండలు విప్పించండి. తేమ చేరితే వాటి కింద చర్మం చివుకుతుంది. కత్తెర మాత్రం పెట్టకండి. ఆ చర్మం ఉల్లిపొర లాంటిది, ఉండతోపాటు తెగివస్తుంది.

మిగతావి క్లుప్తంగా. ముక్కు మీద, చెవి కొసల మీద పక్కులు కడితే దోమకాటు పడకపోవడం కావచ్చు, సాయంత్రం కిటికీలకు జాలీ వేయండి. చెవుల్లో కాఫీపొడి లాంటి మురికి ఉంటే చెవి పురుగులు. చెవి అంచు నుంచి ముఖమంతా దళసరి పక్కులైతే గజ్జి. గడ్డం కింద నల్లచుక్కలైతే ప్లాస్టిక్ గిన్నె తీసి స్టీలుది పెట్టండి. పెరుగన్నం మీదే పెరిగిన పిల్లికి బొచ్చు గరుకుబారడంలో వింత లేదు, అది మాంసాహారి. తిండి పడటం లేదని వైద్యులు అంటే కొత్త తిండి 8 వారాలు పెట్టాలి. ఆ 8 వారాల్లో ఒక్క ఆదివారం తాతగారు కంచంలోంచి చేపముక్క పడేసినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కొత్త తిండి ముట్టక రెండు రోజులు పస్తుంటే మాత్రం ఆలస్యం చేయక వైద్యులకు చూపించండి, కాలేయం దెబ్బతింటుంది.

వైద్యుల దగ్గరికి

పోయేముందు రెండు మూడు రోజులు స్నానం చేయించకండి, ఏమీ పూయకండి. మొదట ఎప్పుడు చూశారో, ఏమేం తింటుందో, ఏ మందులు వేశారో కాగితం మీద రాసుకోండి. దువ్వెనకు వచ్చిన నలుసులను పొట్లం కట్టి తీసుకెళ్లండి. కొరుకుడు పడని జబ్బులకు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఒక్క స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో దురద ఆగవచ్చు, కానీ కారణం అడగకుండా నెలనెలా అదే వేయించుకుంటూ పోతే చక్కెర వ్యాధి తెచ్చుకున్నట్టే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు జనం రోజుల తరబడి మేడల మీదే ఉండిపోయారు. మందు మధ్యలో ఉన్న పిల్లి ఇంట్లో ఉంటే రెండు వారాలకు సరిపడా మందు, తిండి, మూసే బుట్ట పైఅటక మీద పెట్టుకోండి.

మా పిల్లి పొట్ట మీద రూపాయి బిళ్ల పెట్టి ప్రతి ఆదివారం ఫోటో తీశాం. ఐదో ఆదివారం నూగు కనిపించింది. మూడో నెలకు బిళ్ల బొచ్చులో కూరుకుపోయింది, ఇప్పుడు దాన్ని తీయబోతే కరుస్తోంది.